ఆషాఢపు సున్నా

కొత్త కాపురానికి కొన్న కుక్కరు గట్టిగా నాలుగు కూతలు కూయకముందే ఆషాఢం వచ్చి పడింది. అత్తా, కొత్త కోడలూ ఆ నెలంతా ఒకే గడప దాటకూడదు గనక, సామర్లకోటలోని అత్తవారింటి నుంచి కాకినాడలోని పుట్టింటికి ఉత్పలను సూట్‌కేసుతో సహా తెచ్చి దిగబెట్టేశారు. రెండు ఊళ్లకూ మధ్య బస్సులో అరగంట. ఆ అరగంట ఇప్పుడు నెల్లాళ్లయి కూర్చుంది.

"కెమిస్ట్రీలో డాక్టరేట్ చేశానమ్మా. నన్ను చూసి ఆ గడపకేవవుద్ది?"

"నీ డాక్టరేటు సంగతి గడపకి తెలీదే," అంది వాళ్లమ్మ గోరింటాకు రుబ్బుతూ. "చెయ్యి ఇలా పెట్టు."

గోరింటాకు ఎర్రగా పండింది. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకు టోపీలు. ఫొటో తీసి భర్త దివాకర్‌కు పంపిస్తే, 'మీటింగులో ఉన్నాను' అని జవాబు వచ్చింది. పక్కన ఒక ఎర్ర గుండె బొమ్మ. తన బ్యాంకు చైర్మన్ గారి ఎదురుగా కూర్చుని, బల్ల కింద ఫోను పెట్టుకుని ఆ బొమ్మ వెతికి నొక్కి ఉంటాడన్న ఊహకే ఉత్పల ఆ పూట రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నది. మరుక్షణం మళ్లీ ఒళ్లు మండింది. మొగుణ్ణి ఫోన్లో చూసుకోవడానికా పెళ్లి చేసుకున్నది?

ఆ మంటలోనే ఆమె తన యంత్రానికి సున్నా పెట్టే పని నెత్తికెత్తుకుంది.

ఉత్పల పనిచేసే ప్రొఫెసర్ అచ్యుతాంబ గారి ప్రయోగశాలలో ఏళ్ల తరబడి తయారైన యంత్రం అది. భయపడ్డ మనిషి అరచేతి చెమటలో మామూలప్పుడు లేని అణువులు కొన్ని పుట్టుకొస్తాయి. ముఖానికి నవ్వు పులుముకోవచ్చు గానీ చెయ్యి అబద్ధం ఆడలేదు. బ్యాంకు కౌంటరు మీద జనం చెయ్యి ఆనించే చోట అద్దంలాంటి పలక ఒకటి అమరిస్తే, అది ఆ వాసన పట్టి సున్నా నుంచి వంద లోపు ఒక అంకె చూపిస్తుంది. కాగితాల్లో దానికి బారెడు పేరుంది. ల్యాబ్‌లో మాత్రం అందరూ గుబులుపెట్టె అనేవారు. ఒక బ్యాంకు మీద జనానికి నమ్మకం సడలితే, వాళ్లు డబ్బు కోసం ఎగబడడానికి ముందే పెట్టె చెప్పేయాలి. వాళ్ల ఆశ అదీ.

భయం నమూనాలకు కరువు రాలేదు. పరీక్ష హాళ్ల బయట, పళ్ల డాక్టరు గదుల్లో, డ్రైవింగు లైసెన్సు వరసల్లో బోలెడంత భయం ఉచితంగా దొరికింది. ఇక కావలసింది ఏ గుబులూ లేని మామూలు చెయ్యి. బ్యాంకుకు వచ్చే మామూలు మనిషి చెయ్యి ఎలా ఉంటుందో యంత్రానికి నేర్పితే, దాన్ని సున్నా అనుకుని అక్కడి నుంచి లెక్కపెడుతుంది.

ఆ నేర్పే పనికి ముందుకొచ్చింది కోరంగి సహకార బ్యాంకు. ఉత్తరాదిన ఎక్కడో ఒక బ్యాంకు రెండు రోజుల్లో కూలిపోయిందని వార్త చదివిన దగ్గర్నుంచి దాని చైర్మన్ సత్తిరాజు గారికి నిద్ర లేదు. తన పదకొండు శాఖలకూ గుబులుపెట్టెలు కావాలన్నాడు. దివాకర్ పనిచేసేది ఆ బ్యాంకులోనే, కాకినాడ మెయిన్ రోడ్డు శాఖ పై అంతస్తులో, పెట్టుబడుల విభాగంలో. కింద కౌంటరు దగ్గర సున్నా పెట్టే పని తనకే కావాలని ఉత్పల ప్రొఫెసర్ గారిని ఎందుకు బతిమాలిందో వేరే చెప్పనక్కర్లేదు.

రోజూ కౌంటరు వెనక కుర్చీ వేసుకుని కూర్చునేది. జనం వచ్చేవారు, చెయ్యి ఆనించేవారు, వెళ్లేవారు. రొయ్యల చెరువుల వాళ్లు, పింఛను తీసుకునే పెద్దవాళ్లు, బళ్లో ఫీజు కట్టే తల్లులు. చల్లటి, పొడిబారిన, మామూలు చేతులు. బ్యాంకు మీద ఎవరికీ బెంగ లేదు. ఇంతకంటే మంచి సున్నా ఎక్కడ దొరుకుతుంది?

ఒక రోజు మాత్రం అంకె ఉన్నట్టుండి అరవై నాలుగుకు ఎగిరింది. ఉత్పల తలెత్తి చూస్తే పలక మీద చెయ్యి పెట్టి దివాకర్ నిలబడి ఉన్నాడు.

"మేడమ్, చెక్కు పుస్తకం కావాలండి," అన్నాడు తెగ గంభీరంగా.

"ఏవండీ, వెళ్లండి! అందరూ చూస్తున్నారు."

"చూడనీ. అత్తా కోడళ్లు గడప దాటకూడదన్నారు గానీ, మొగుడూ పెళ్లాం కాజా తినకూడదని ఎవరన్నా అన్నారా?"

యంత్రం వేడెక్కినట్టుంది అనుకుని, ఉత్పల ఆ అరవై నాలుగును లెక్కలోంచి కొట్టేసి అతని వెంట బయటికి నడిచింది.

కాజా కొరికితే పాకం మోచేతి దాకా కారింది. ఇద్దరూ దాని గురించే కాసేపు నవ్వుకున్నారు. ఆ తర్వాత దివాకర్ ముఖం మబ్బు పట్టింది.

"కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు మళ్లీ పెంచింది."

"మంచిదేగా? డిపాజిట్ల మీద ఎక్కువొస్తుంది."

"జనానికి మంచిదే. మాకు చావొచ్చింది." అతను రోడ్డుకు అవతల బట్టల కొట్టు వైపు చూపించాడు. తలుపు మీద ఎర్రటి బ్యానరు: ఆషాఢం తగ్గింపు. "పెళ్లికి నువ్వు కొనుక్కున్న పచ్చ పట్టుచీర ఇప్పుడక్కడ ఎంత?"

ఉత్పలకు ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. "మూడో వంతు తగ్గించేశాడండీ దొంగసచ్చినోడు!"

"చీర పాడయిందా?"

"పాడవడానికేవుంది? బీరువాలో నిక్షేపంలా ఉంది."

"మా బాండ్లూ అంతే. వడ్డీలు తక్కువున్న రోజుల్లో జనం డిపాజిట్లు పెట్టి ప్రభుత్వ బాండ్లు కొన్నాం. ఏడాదికి ఆరు శాతం ఇస్తాయి. ఇప్పుడు కొత్త బాండు ఎనిమిది ఇస్తోంది. మా ఆరుని పూర్తి ధర పెట్టి ఎవడు కొంటాడు? గడువు దాకా బీరువాలో ఉంచుకుంటే పైసా నష్టం లేదు. ఇవాళే అమ్మాల్సొస్తే మాత్రం తగ్గింపు ధరకే."

"మరి ఎందుకమ్మడం? ఉంచండి."

"జనం ఒక్కసారే వచ్చి డబ్బడగనంత కాలం ఉంచుతాం," అన్నాడు దివాకర్. "అందుకే కదా నీ పెట్టె."

*

శ్రావణం వచ్చింది. అత్తగారు సుభద్రమ్మ గుమ్మంలో హారతిచ్చి, "ఇంక నువ్వూ నేనూ ఎన్నిసార్లయినా దాటొచ్చమ్మా," అని, నిజంగానే ఉత్పల చెయ్యి పట్టుకుని గడప లోపలికీ బయటికీ రెండుసార్లు తిప్పింది. కుక్కరు మళ్లీ కూసింది. దివాకర్ టిఫిను డబ్బాలో చీటీ పెడితే, సాయంత్రానికి అదే చీటీ వెనక జవాబు వచ్చేది. ఉత్పల ప్రపంచంలో అంతా సవ్యంగానే ఉంది.

బ్యాంకులో లేదు. మొదటి వారానికే పదకొండు శాఖల్లోనూ అంకెలు పాకడం మొదలుపెట్టాయి. ఇరవై, నలభై, అరవై. సత్తిరాజు గారి గదిలో గోడకు తగిలించిన తెర పచ్చరంగు నుంచి పసుపుకూ, పసుపు నుంచి ఎరుపుకూ తిరిగింది.

వరలక్ష్మీ వ్రతం రోజు పొద్దున్న ఉత్పల పీట మీద కూర్చుని చేమంతులు గుచ్చుతుంటే ఫోను మోగింది.

"ఉత్పలా, చైర్మన్ గారు బాండ్లు అమ్మి నగదు చేతిలో పెట్టుకోమంటున్నారు. సంతకం నాది. అమ్మితే మూలధనంలో సగం ఎగిరిపోద్ది. ఒక్క మాట చెప్పు. నీ పెట్టెని నమ్మొచ్చా?"

"నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది. పెట్టె గురించి అడుగుతున్నాను."

"రెండూ ఒకటేనండీ," అంది ఉత్పల ముద్దుగా, కాస్త గర్వంగా కూడా. ఫోను పెట్టేసి, మిగిలిన చేమంతులు గుచ్చింది.

అతను అమ్మేశాడు.

తర్వాతి సోమవారం ఆమె పలకలు శుభ్రం చేయడానికి మెయిన్ రోడ్డు శాఖకు వచ్చింది. హాలు కిటకిటలాడుతోంది. కౌంటరు దగ్గర ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, జడలో మల్లెలు, భుజాన గుడ్డ సంచీ. పలక మీద ఆవిడ చెయ్యి ఆనగానే అంకె తొంభై ఒకటికి పోయింది. అంత పెద్ద అంకె ఉత్పల ఎన్నడూ చూడలేదు. మెల్లిగా ఆవిడ పక్కకు చేరింది.

"అమ్మా, ఏమీ అనుకోకండి. బ్యాంకు గురించి ఏమన్నా విన్నారా? దేనికన్నా భయపడుతున్నారా?"

"బ్యాంకుకేవైందండి?" అని ఆవిడ ఎదురడిగింది. "డబ్బు తీసుకుంటున్నానండి. పెళ్లి."

"మీ అమ్మాయిదా?"

"ఆయ్, నాదేనండి బాబూ!"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ వాళ్ల వైపు తిరిగి, "నవ్వండి, నవ్వండి. భోజనాలకొచ్చినప్పుడు మీకు బూరెలు వెయ్యనివ్వను," అంది. ఆవిడ పేరు నాగరత్నం, బాలికల హైస్కూల్లో కుట్టు టీచరు. "హెడ్మాస్టారు చేసి రిటైరయ్యారండి ఆయన. నిన్న ఫోన్ చేసి, 'రత్నంగారూ, చీరకి అంచు ఏ రంగైతే మీకిష్టం' అనడిగారండి. ఇన్నేళ్లలో నన్ను రంగడిగిన మనిషి లేడు. అప్పట్నుంచి చూడండి, చేతులు ఒకటే చెమట. సంతకం కూడా కుదరట్లేదు!"

ఉత్పల హాలంతా కలయజూసింది. ఒకాయన సంచిలో మూలలకు పసుపు రాసిన శుభలేఖల కట్ట. ఒక అమ్మాయి ఫోన్లో గొలుసుల నమూనాలు చూస్తోంది. ఇద్దరు అన్నదమ్ములు సన్నాయి మేళానికి బయానా ఎంతివ్వాలో వాదించుకుంటున్నారు. శ్రావణ ముహూర్తాలు. ఊళ్లో సగం ఇళ్లలో పెళ్లి.

తను సున్నా పెట్టిందేమో ఆషాఢంలో. ముహూర్తాలు లేని నెలలో. పెళ్లిళ్లు లేవు, గృహప్రవేశాలు లేవు, గుండె జల్లుమనే పని ఒక్కటీ లేదు. యంత్రానికి భయం నేర్పారు, మామూలుతనం నేర్పారు. సంతోషం ఎలా ఉంటుందో నేర్పాలని ల్యాబ్‌లో ఏ ఒక్కరికీ తట్టలేదు. కొత్త పెళ్లికూతురైన తనకు కూడా తట్టలేదు. ఒకే ఒక్కసారి సంతోషం దాని పలక మీదికి తనంతట తానే నడిచొచ్చి, అరవై నాలుగు అని చెప్పింది. తను దాన్ని కొట్టిపారేసి కాజా తినడానికి వెళ్లింది.

మెట్లు రెండేసి ఎక్కుతూ పైకి పరిగెత్తింది.

*

"భయం కాదా? మరేవిటమ్మా?" అన్నాడు సత్తిరాజు గారు.

"పెళ్లిళ్లండీ! జనం సంతోషంగా ఉన్నారు. పెట్టెకి ఆ రెంటికీ తేడా తెలీదు."

"నాకు ముప్పయ్యేళ్ల అనుభవం. బ్యాంకుకొచ్చి సంతోషపడిన మనిషిని నేను చూళ్లేదు."

"కిందకి రండి, చూపిస్తాను."

"ఇప్పుడు చూసి ఏం లాభం?" అన్నాడు మూలన కుర్చీలో ఉన్న దివాకర్. "అమ్మకం శుక్రవారమే అయిపోయింది. నష్టం ఎంతో ఇవాళే ప్రకటించాలి. దాచడానికి లేదు."

ఉత్పల అతని వైపు చూసింది. అతను ఆమె వైపు చూడలేదు.

అక్కణ్ణుంచి ప్రొఫెసర్ అచ్యుతాంబ గారి దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"ఒక పెళ్లికూతురి మాట పట్టుకుని ఇన్నేళ్ల పని తప్పంటావా?"

"ఒకావిడ కాదు మేడమ్. హాలు నిండా..."

"లెక్క చూపించు. కథలు కాదు."

"సంతోషం నమూనాలు మన దగ్గర లేవు కదా మేడమ్. లేనిదాని లెక్క ఎక్కణ్ణుంచి తేను?"

"లేనప్పుడు మాట్లాడకు," అని ఆవిడ మళ్లీ పనిలో పడింది.

గోడకు తల బాదుకోవాలనిపించింది ఉత్పలకు. బాదుకుంటే ఆ గోడ కూడా లెక్క అడిగేలా ఉంది.

మర్నాడు నష్టం పేపర్లో వచ్చింది. పొద్దున్న చూసేసరికి మెయిన్ రోడ్డు శాఖ ముందు వరస పెట్రోలు బంకు దాకా ఉంది. మధ్యాహ్నానికి మలుపు తిరిగింది. ఎవరూ నవ్వడం లేదు. పాసు పుస్తకాలు గొడుగుల్లా నెత్తిన పెట్టుకుని ఎండలో నిలబడ్డారు. ఒక పెద్దాయన కౌంటరు మీద రెండు చేతులూ ఆన్చి, "నా పింఛనమ్మా, నా పింఛను," అంటున్నాడు. ఉత్పల పలక అంకె చూసింది. తొంభై ఒకటి. అచ్చంగా నాగరత్నం గారి అంకె.

బాండ్లు అమ్మిన నగదు రెండో రోజుకే అయిపోయింది. మూడో రోజు కేంద్ర బ్యాంకు అధికారులు దిగారు. ఖాతాకు పది వేలకు మించి ఇవ్వొద్దన్నారు. తర్వాత షట్టరు దించేశారు.

అక్కడితో ఆగినా బాగుండేది. కోరంగికే దిక్కు లేకపోతే మనదేం గ్యారంటీ అని పక్క ఊళ్ల బ్యాంకుల్లో కూడా జనం చేరారు. వాళ్లూ తమ బాండ్లు అమ్మడానికి ఎగబడ్డారు. అందరూ ఒకేసారి బీరువాలు ఖాళీ చేస్తే కొనేవాడు ఇంకా బేరమాడతాడు. బాండ్ల ధర ఇంకా దిగింది, వడ్డీ ఇంకా పైకెక్కింది. బ్యాంకుల షేర్లు పడ్డాయి, వాటిని చూసి మిగతావీ పడ్డాయి. టీవీ కింద ఎర్రటి అంకెలు పొద్దస్తమానం పాకుతూనే ఉన్నాయి. రొయ్యల చెరువులకు మేత అప్పు పుట్టలేదు. నాగరత్నం గారు మొదట తీసిన కొద్ది డబ్బుతో గుళ్లో దండలు మార్చుకుని, వచ్చినవాళ్లకు భోజనం బదులు ఉప్మా పెట్టింది. బూరెలు ఎవరికీ వెయ్యలేదు.

*

ఆపైన జరిగిందే ఉత్పలకు ఎక్కడ లేని కంపరం తెప్పించింది. పత్రికలు యంత్రాన్ని ఆకాశానికెత్తాయి. బ్యాంకు కూలుతుందని కాకినాడ పెట్టె వారం ముందే పసిగట్టిందట. అచ్యుతాంబ గారి ఫొటో మొదటి పేజీలో పడింది. ల్యాబ్‌లో ఫోను ఆగకుండా మోగుతోంది. నలభై బ్యాంకులు కలిసి హైదరాబాదులో సమావేశం పెట్టి, యంత్రాన్ని చూపించమన్నాయి. కూలుతుందని ముందే కనిపెట్టి నగదు పోగుచేసిన తెలివైనవాడని దివాకర్‌కు కూడా పేరొచ్చింది. ఆ నలభైలో ఒక బ్యాంకు అతనికి ఉద్యోగం ఇస్తామని కబురు చేసింది.

పొద్దున్న పెరట్లో, గచ్చు మీద కూర్చుని కాఫీ తాగుతూ ఉత్పల అడిగింది.

"నేను అక్కడ నిజం చెబితే మీకేవవుద్ది?"

దివాకర్ కాఫీ ఒక గుక్క తాగాడు. "పెట్టె కరెక్టైతే నేను మొనగాణ్ణి. పెట్టె తప్పైతే, ఊళ్లో పెళ్లిసందడి చూసి దడుసుకుని, చీరలన్నీ సగం ధరకి అమ్మేసిన వెధవని. బ్యాంకుని ముంచింది నేనే అవుతాను."

"మీరు నన్నడిగారు. నేను చెప్పాను."

"అవును. 'రెండూ ఒకటే' అన్నావు." గ్లాసు పక్కన పెట్టాడు. "ఆ మాట మీద నాకు ఎంత కోపమొచ్చిందో తెలుసా? వరసలో నిలబడ్డ ఆ పింఛను పెద్దాయన్ని చూసినప్పుడల్లా వచ్చింది. నీకు చెప్పలేదు. కొత్త పెళ్లాం మీద ఎలా కోప్పడాలో ఇంకా రాలేదు నాకు."

ఉత్పలకు కళ్లు నీళ్లతో నిండాయి. "కోప్పడండి. నేర్చుకోండి."

"తర్వాత నేర్చుకుంటాలే." అతను ఆమె గ్లాసు కూడా తీసి రెండూ ఒకదాన్లో ఒకటి పెట్టాడు. "చెప్పు. ఇంకో ఊళ్లో ఇంకో శ్రావణం రాకముందే చెప్పేయ్. నేనూ వస్తాను."

లోపల్నుంచి సుభద్రమ్మ, "ఇద్దరూ టిఫినుకి రండర్రా, పెసరట్టు చల్లారిపోద్ది," అని కేకేసింది. చేతికందిన కొత్త ఉద్యోగం జారిపోతుందని తెలిసిన రోజున కూడా పెసరట్టులో అల్లం అంత ఘుమఘుమలాడడం ఉత్పలకు అన్యాయంగా తోచింది.

*

హైదరాబాదు హోటల్లో చల్లటి హాలు. నలభై మంది బ్యాంకర్లు, నలభై మంచినీళ్ల సీసాలు. అచ్యుతాంబ గారు మాట్లాడడం ముగించగానే ఉత్పల లేచి, ప్రొఫెసర్ గారు కళ్లెర్రజేస్తున్నా పట్టించుకోకుండా, తను వెంట తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టిన నాగరత్నం గారినీ, హెడ్మాస్టారినీ వేదిక మీదికి పిలిచింది.

"చెయ్యి పెట్టండమ్మా."

నాగరత్నం పలక మీద చెయ్యి పెట్టింది. పక్కనే ఆయన నిలబడి, ఆవిడ కొంగు అంచు సర్దాడు. వెనక తెర మీద ఎనభై ఎనిమిది పడింది. హాల్లో గుసగుస లేచింది.

"ఈవిడ భయపడటం లేదు," అంది ఉత్పల. "ఈవిడకి ఈమధ్యే పెళ్లయింది. ఈ యంత్రానికి సున్నా ఆషాఢంలో పెట్టాను. పెళ్లిళ్లు లేని నెల అది. శ్రావణం రాగానే జనం సంతోషాన్ని ఇది భయమనుకుంది. కోరంగి బ్యాంకు మీద ఆ వారం ఎవరికీ భయం లేదు."

ముందు వరసలో వేళ్ల నిండా ఉంగరాలున్న ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "పాపం, ఆవిడ డబ్బు కూడా అందులోనే ఇరుక్కుంది కదమ్మా. అందుకే కంగారుపడుతోంది. యంత్రం కరెక్టుగానే చెబుతోంది."

"నాకు కంగారేంటండీ?" అంది నాగరత్నం. "డబ్బు పోతే పోయింది. మనిషున్నాడు."

"ధైర్యం తెచ్చుకుంటోంది, పాపం," అన్నాడాయన పక్కవాడితో.

ఉత్పల తెర మీది అంకె చూపించింది. "భయం లేదండీ! మీకెలా చెప్పాలి?"

"భయం లేకపోతే బ్యాంకెందుకు కూలింది?"

"నష్టానికి బాండ్లు అమ్మినందుకు."

"అవెందుకు అమ్మారు?"

"భయం ఉందని ఈ యంత్రం చెప్పినందుకు."

"ఉందని చెప్పింది, వచ్చింది. ఇంక తప్పెక్కడుందమ్మా?"

హాల్లో కొందరు మెచ్చుకోలుగా తలలూపారు. అప్పుడు వెనక వరసలోంచి దివాకర్ లేచాడు.

"ఆ బాండ్లు అమ్మింది నేనేనండి. సంతకం నాది. వరస లేనప్పుడే వరసొస్తుందని అమ్మాను. నా సంతకం చూశాకే వరస వచ్చింది. ఈ పెట్టె కొంటే మీరూ అదే చేస్తారు."

ఉంగరాల వేళ్లాయన ఫోనులో ఏదో రాసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, జాలిగా అన్నాడు. "తొందరపడ్డది మీరు బాబూ. దానికి యంత్రమేం చేస్తుంది?"

ఒక్క వాక్యంలో తేల్చేశారు. కనిపెట్టడం యంత్రం గొప్ప, కంగారుపడటం మనిషి తప్పు. భోజనాల వేళకు నలభై బ్యాంకులూ పెట్టెలు కావాలని రాసిచ్చాయి. ఉద్యోగం ఇస్తామన్న బ్యాంకు, అంతకు ముందన్న మాట మర్చిపొమ్మని దివాకర్‌కు సందేశం పంపింది. ఇంకో గంటకు కోరంగి బ్యాంకు మీద విచారణ జరుపుతున్న అధికారి నుంచి అతనికి నోటీసు వచ్చింది.

బయట సన్నటి వాన. హోటలు ఎదురుగా మిర్చి బజ్జీల బండి మీద నూనె బుసబుసమంటోంది. నాగరత్నం దంపతులు ఒకే గొడుగు కింద బస్సు స్టాపు వైపు నడిచిపోతున్నారు. గొడుగు చిన్నది. ఆయన సగం తడుస్తున్నాడు, ఆవిడ తిడుతోంది.

ఉత్పల ఫోను మోగింది. ప్రొఫెసర్ గారు.

"ఇవాళ నువ్వు చేసిన పని గురించి మాట్లాడను. ఆర్డర్లు వచ్చాయి. భాద్రపదంలో అన్ని శాఖల్లోనూ సున్నా పెట్టెయ్యాలి."

"మేడమ్, భాద్రపదం శూన్యమాసం. ముహూర్తాలుండవు. మళ్లీ అదే..."

"గొడవ లేని నెల. సున్నాకి అంతకంటే ఏం కావాలి?"

"కార్తికం దాకా ఆగండి మేడమ్. పెళ్లిళ్లలో చేతులు కూడా చూద్దాం. నేనే తిరుగుతాను, ఒక్కో మండపానికీ నేనే వెళ్తాను. జీతం కూడా వద్దు."

"ఆర్డరు ఆగదు. నువ్వు రాకపోతే ఇంకొకళ్లు పెడతారు. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఫోను ఆగిపోయింది. ఉత్పల దాన్ని సంచిలో వేసింది. అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

దివాకర్ రెండు బజ్జీలు కాగితంలో చుట్టించుకుని వచ్చాడు. "ఎవరు?"

"నా ఉద్యోగం కూడా పోయింది."

"ఓహో," అన్నాడతను. బజ్జీ తుంచి, ఊది, ఆమె నోటికందించాడు. కారం నషాళానికంటింది. ఇద్దరికీ కళ్లల్లో నీళ్లొచ్చాయి, అవి దేనివో ఇద్దరూ తేల్చలేదు.

బస్సు వచ్చింది. రద్దీలో ఆమె తప్పిపోకుండా అతను చెయ్యి చాచాడు. ఉత్పల పట్టుకుంది. అతని అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. కొన్ని వేల చేతులను సున్నా నుంచి వంద దాకా వరస పెట్టిన ఆమెకు కూడా, ఆ తడి రేపటి గురించో, పక్కనున్న తన గురించో తెలియలేదు. అడగలేదు. తన చెయ్యీ తడిగానే ఉందని అప్పుడే గమనించి, వేళ్లు ఇంకాస్త బిగించి బస్సెక్కింది.